అటకెక్కిన దుర్భిణి

పిల్లలూ,

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి కాట్రేనికోన వైపు నుంచి వచ్చింది. ఏడవ తరగతి చదువుతున్న అమ్మాయి వ్రాసింది. "మాస్టారండీ, మా నాన్నగారు కొబ్బరికాయలమ్మిన డబ్బుతో నాకు దుర్భిణి కొన్నారండి. పెట్టె మీద 525 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని వేసి వుందండి. శనిగ్రహం వలయాలు చూద్దామని అందరం డాబా ఎక్కామండి. మసకమసకగా ఏదో వణుకుతూ కనబడిందంతేనండి. నాన్నగారు నన్నేమీ అనలేదు గాని, దుర్భిణిని అటకమీద పెట్టించేశారండి. అది పాడైపోయిన దుర్భిణా అండి?"

కాదమ్మా, పాడైపోలేదు. నువ్వు వ్రాసిన వివరాలను బట్టి అందులో పెద్ద కటకం బాగానే వున్నది. చిక్కంతా రెండవ కొసన, నువ్వు కన్ను పెట్టే చోట వున్నది. ఆ చిన్న గొట్టాన్ని అక్షికటకం అంటారు. దుకాణాలలో ఐపీస్ అంటారు. అది ఒక్కటి మారిస్తే నీ దుర్భిణి అటక దిగుతుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచు వస్తాయి గనుక ఈసారి పుటంతా దీనికే ఇస్తున్నాను. డబ్బు ఇచ్చేది పెద్దలు. వారు కూడా పిల్లల పక్కన కూర్చుని చదివితే మంచిది.

ముందు దుర్భిణి చేసే పని తెలుసుకుందాం. పగటిపూట ఇంట్లో కిటికీకి ఎదురుగోడ దగ్గర ఒక భూతద్దం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట బయటి కొబ్బరిచెట్టు తలక్రిందులై, బొమ్మలాగ గోడమీద పడుతుంది. అద్దానికీ గోడకూ మధ్య ఆ దూరమే ఆ కటకం నాభ్యంతరం. దుర్భిణి ముందుకొసన వున్న వస్తుకటకం కూడా ఇదే పని చేస్తుంది. చంద్రుని బొమ్మను గొట్టం లోపల, వెనుక కొస దగ్గర, చిన్నదిగా నిలబెడుతుంది. ఆ చిన్న బొమ్మను దగ్గరగా పట్టి చూపించే భూతద్దమే అక్షికటకం. ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడుతుందో తెలియాలంటే వస్తుకటకం నాభ్యంతరాన్ని అక్షికటకం నాభ్యంతరంతో భాగించండి. ఈ అమ్మాయి దుర్భిణికి ముందున్న కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. పెట్టెలో రెండు అక్షికటకాలు వచ్చాయి. ఒకటి 20 మి.మీ., ఒకటి 4 మి.మీ. మొదటిది పెడితే 35 రెట్లు. రెండవది పెడితే 175 రెట్లు. మూడింతలు చేసే బార్లో కటకం అని ఇంకొక గొట్టం కూడా వచ్చింది. అది కూడా తగిలిస్తే 175ను 3 తో హెచ్చించి 525 రెట్లు. పెట్టెమీది అంకె పుట్టింది ఇక్కడనే. లెక్క తప్పు కాదు. కాని లెక్కలో లేనిది ఒకటున్నది.

అది వెలుతురు. ఆత్రేయపురంలో పూతరేకులు తీయడం చూచారా? పలుచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి, వేడెక్కిన కుండమీద ఒక్కసారి లాగుతారు. పిండి కొంచెమే, పరిచే జాగా ఎక్కువ. అందుకే రేకులోంచి అవతలి వేలు కనబడుతుంది. మీ దుర్భిణి శని నుంచి పట్టుకొచ్చే వెలుతురు కూడా అంతే, కొలత పెట్టి ఇచ్చినంత. 35 రెట్ల దగ్గర ఆ వెలుతురు చిన్న జాగాలో చిక్కగా వుంటుంది. 525 రెట్లకు పోతే పొడవు 15 రెట్లు, వెడల్పు 15 రెట్లు పెరిగాయి. జాగా 225 రెట్లయింది. వెలుతురు మాత్రం అంతే. ఇక మసకగాక మరేమి కనబడుతుంది? పైగా దుర్భిణి వణుకు, గాలి వణుకు, స్టాండు వణుకు, అన్నీ అంతే రెట్లు పెరుగుతాయి.

దీనికొక హద్దు వున్నది. వస్తుకటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెండింతలు రెట్ల కంటె పైకి పోతే కొత్తగా ఏమీ తెలియదు. బొమ్మ ఉబ్బుతుంది, అంతే. 60 మి.మీ. దుర్భిణికి హద్దు 120 రెట్లు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించారు. తరువాత దానిని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలాగ దాటిపోవడాన్ని ఆయన విశాఖలో పరిశీలించి లెక్కలు వ్రాశారు. ఆయన దగ్గర ఇంగ్లండులో కుక్ కంపెనీ చేసిన 6 అంగుళాల దుర్భిణి వుండేది. 6 అంగుళాలంటే సుమారు 150 మిల్లీమీటర్లు. అంత దొడ్డ దుర్భిణికే ఈ లెక్కన 300 రెట్లు హద్దయితే, రెండున్నర అంగుళాలైనా లేని మన గొట్టానికి 525 ఎక్కడిది?

హద్దు దాకా పోవడం కూడా రోజూ కుదరదు. హాయిగా, నదురుగా కనబడేది వెడల్పుకు సరిసమానమైన రెట్ల దగ్గర. అంటే 60 మి.మీ.కు 60 రెట్లు. ఇక్కడ మీకొక చిన్న కిటుకు చెబుతాను, నోట్సులో వ్రాసుకోండి. మీ దుర్భిణి నాభ్యంతరాన్ని దాని వెడల్పుతో భాగించండి. వచ్చిన అంకె ఎంతో, అన్ని మిల్లీమీటర్ల అక్షికటకమే మీరు కొనవలసింది. 700ను 60తో భాగిస్తే 12కు దగ్గర. 10 నుంచి 12 మి.మీ. లోపు ఏది దొరికినా సరే. 114 మి.మీ. అద్దం, 900 నాభ్యంతరం వున్న దుర్భిణికి 8 మి.మీ. కురచ గొట్టాలు కొన్నున్నాయి, 70 మి.మీ. వెడల్పు, 400 నాభ్యంతరం; వాటికి 6 మి.మీ. ఈ రెండంకెలూ గొట్టం మీదనే, సాధారణంగా వెనుక కొస దగ్గర, వేసివుంటాయి.

పెట్టెలో వచ్చిన 20 గాని 25 గాని పారేయకండి. ఆకాశంలో దేనినైనా వెదికి పట్టుకునేది దానితోనే. పిల్లలకోడిని, అదే కృత్తికలను, 35 రెట్లతో చూస్తే గుంపులో ముఖ్యమైన చుక్కలన్నీ ఒక్కచోటనే ఇముడుతాయి. 70 రెట్లు పెడితే తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట. ఓడలరేవు ఇసుకమీద మే నెల రాత్రి నిలబడి, టెర్మినల్ దీపాలకు వీపు తిప్పి దక్షిణంగా చూస్తే, సముద్రం మీద సుమారు 26 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల ముద్ద వుంటుంది. లక్షలాది నక్షత్రాలు కలిసి మంచుముద్దలాగ కనబడతాయి. లండనులో వాళ్ళకు అది ఎన్నడూ ఉదయించదు. దానికీ తక్కువ రెట్ల కటకమే కావాలి. కనుక మీరు కొనేది రెండవ కటకం, మొదటిదానికి తోడు.

ఇక ఏ రకం కొనాలి? అక్షికటకం ఒంటి అద్దం కాదు. లోపల రెండు, మూడు, నాలుగు అద్దాలుంటాయి. ఎవరు ఎలా పేర్చారో వారి పేరు దానికి వచ్చింది. 17వ శతాబ్దంలో హాలండు దేశపు హైగెన్స్ రెండద్దాలతో చేశాడు. శని చుట్టూ వున్నది వలయమని మొదట చెప్పినవాడు కూడా ఈయనే. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో రామ్స్‌డెన్ మరో విధంగా రెండద్దాలు పేర్చాడు. మీ అన్నలో, అక్కలో కాలేజీలో స్పెక్ట్రోమీటరు చూచివుంటే అడగండి, అందులో వుండేది ఇదే. 1849లో కెల్నర్ మూడద్దాలతో చేశాడు. 1860లో వియన్నా నగరంలో ప్లోజల్ అనే ఆయన జంట కటకాలు రెండు ఎదురెదురుగా పెట్టి నాలుగద్దాలతో చేశాడు. తక్కువ డబ్బుకు ఈనాటికీ దానిని మించినది కష్టం. కటకం మీద అంకెకు ముందు ఇంగ్లీషులో హెచ్ అక్షరం వుంటే హైగెన్స్, ఎస్.ఆర్. అని వుంటే రామ్స్‌డెన్ రకం, కె వుంటే కెల్నర్. ప్లోజల్‌కు పూర్తి పేరో, పి.ఎల్. అనో వుంటుంది.

హైగెన్స్ కటకం పనికిమాలిందని దుకాణదారు చెబితే నమ్మకండి. పొడుగు గొట్టంలో 20 మి.మీ. హైగెన్స్ మర్యాదగానే పని చేస్తుంది. కురచ గొట్టంలో పెట్టినప్పుడే అంచుల దగ్గర చుక్కలు తోకలు తీస్తాయి. అసలు దొంగ ఆ 4 మిల్లీమీటర్ల కటకం. దాని కన్నం గుండుసూది తలంత. రెప్పవెంట్రుకలు అద్దానికి తగిలేంత దగ్గరగా కన్ను పెట్టాలి. చూపు పడే జాగా కూడా చిల్లికుండలోంచి చూచినట్లు ఇరుకు. ఆ కటకాన్నీ, ప్లాస్టిక్ బార్లోనూ ఒక కాగితంలో చుట్టి పెట్టెయ్యండి.

పెట్టెలో ఇంకొకటి కూడా వస్తుంది కొన్నిటికి. అక్షికటకానికి మరతో బిగించే నల్లని చిన్న అద్దం, సూర్యుని చూడడానికని. దానిని కాగితంలో చుట్టవద్దు. పెద్దలు దానిని సుత్తితో పగులగొట్టి చెత్తలో వేయాలి. ఈ మాట నేను ఊరికే గట్టిగా చెప్పడం లేదు. సూర్యుని వేడి అంతా పోగై పడేది సరిగ్గా ఆ చోటనే. అద్దం టప్పున పగిలితే కన్ను తీసేలోపల కన్ను పోతుంది. తిరిగి రాదు. దుర్భిణితో సూర్యునివైపు చూడనే వద్దు.

సూర్యుని మాట వచ్చింది గనుక మన గుంటూరు సంగతి ఒకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. ఆయన దుర్భిణి చివర కన్ను పెట్టలేదు. వెలుతురును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపును పెట్టాడు. గ్రహణంలో సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిగీతలు అంత మెరుస్తూ కనబడేసరికి, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు తట్టింది. మరునాడే, గ్రహణం లేని సూర్యునిలో, చూచాడు కూడా. దుర్భిణి చివర ఏమి పెట్టామన్నది అంత పని చేస్తుంది.

ఇప్పుడు బజారుకు పోదాం. ముందు స్కేలు తీసుకుని మీ పాత అక్షికటకం గొట్టం బయటి వెడల్పు కొలవండి. 24న్నర మి.మీ. వుంటే పాత కొలత. 31 మీద ముప్పావు వుంటే ఇప్పుడు అందరూ వాడే ఒకటింపావు అంగుళం కొలత. ఇది చూడకుండా తెప్పించుకుని, గొట్టంలో దూరక, చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు. పాత కొలత వాళ్ళు దిగులుపడవద్దు, రెంటికీ కుదిర్చే అడాప్టరు దొరుకుతుంది.

కటకం చేతికి వచ్చాక దీపం కింద వాల్చి పట్టండి. దీపం నీడ అద్దంలో తెల్లగా, కళ్ళు చెదిరేట్లు కనబడితే పూత లేదన్నమాట. నీలంగానో, వంగపండు రంగుగానో, ఆకుపచ్చగానో మందంగా కనబడితే పూత వున్నది. అలాంటిది వెలుతురును తిప్పికొట్టక లోపలికి పోనిస్తుంది. గొట్టం లోహంతో చేసినదా, లోపల నల్లరంగు వున్నదా చూడండి. కంటికి పెట్టుకుని తెల్లగోడ వైపు తిప్పితే ఒక గుండ్రని జాగా కనబడుతుంది. దాని అంచు కత్తితో కోసినట్లు వుండాలి. మసకగా కరిగిపోయే అంచు వున్నది నాకు ఇష్టం లేదు.

అయిదారు కటకాలు వరుసగా పేర్చి అందమైన పెట్టెలో పెట్టి అమ్ముతారు. పిల్లలు వాటిని చూచి మనసు పారేసుకుంటారు. పెద్దలకు నా మనవి, ఆ పెట్టె కొనకండి. అందులో రెండు వాడతారు, మిగిలినవి నిద్రపోతాయి. ఆ డబ్బుతో మంచి ప్లోజల్ ఒకటి కొని, మిగిలినదానితో స్టాండు బిగువు చేయించండి. స్టాండు కాళ్ళ మధ్య ఇసుక సంచి వేలాడదీస్తే సగం వణుకు అక్కడే పోతుంది, దానికి ఖర్చు లేదు. పగిలిపోయిన పాత బైనాక్యులర్ ఎవరింట్లోనన్నా వుంటే దాని అక్షికటకాలు సాధారణంగా కెల్నర్ రకమే. నేర్పుగల మరపనివాడు తగిన గొట్టంలో బిగించి ఇస్తే అదీ పనికి వస్తుంది.

కురచ గొట్టం వాళ్ళకు ఒక మాట. 6 మి.మీ. ప్లోజల్ కొంటే కన్ను చాలా దగ్గరగా పెట్టాలి. ప్లోజల్‌లో కంటికి దొరికే దూరం దాని నాభ్యంతరంలో ముప్పావు వంతు మించదు. మీరు 10 లేదా 12 మి.మీ. కటకమూ, రెండింతలు చేసే మంచి బార్లో ఒకటీ కొనుక్కోండి. కళ్ళజోడు పెట్టుకునే పిల్లలు, చూపు దగ్గరది గాని దూరంది గాని అయితే, జోడు తీసి దుర్భిణి మరతిప్పి సరిచేసుకోవచ్చు. అడ్డం నిలువు తేడా వుండే చూపుకు మాత్రం కొన్నిసార్లు జోడు తీయకూడదు. అలాంటివాళ్ళు కన్ను దూరంగా పెట్టినా కనబడే కటకం అడిగి తీసుకోవాలి.

బొమ్మ తలక్రిందులుగా వుందని కూడా కొందరు వ్రాశారు. వుంటుంది. వస్తుకటకం తిరగేసిన బొమ్మను అక్షికటకం మళ్ళీ సరిచేయదు. మా ఊరికి పేరు పెట్టిన ఓడల కాలంలో ఓడ కప్తాను దుర్భిణిలో బొమ్మను నిలబెట్టడానికి మరిన్ని అద్దాలు పెట్టేవారు, ఎదుటి ఓడ జెండా తలక్రిందులుగా కనబడితే పని జరగదు గదా! చంద్రునికి తల ఏదో, కాళ్ళు ఏవో? వెలుతురు తినే ఆ అద్దాలు మనకెందుకు.

డాబా మీద చూడడం మానండి. పగలంతా కాగిన డాబా సాయంత్రం వేడిని పైకి వదులుతుంది, ఆ గాలి వణుకుతుంది. ఇసుకమీదనో, పచ్చికమీదనో, శని బాగా పైకి వచ్చాక చూడండి. 60 లేక 70 రెట్లలో వలయం గ్రహం నుంచి విడివడి తెలుస్తుంది. 2025 మార్చిలో ఆ వలయం అంచు మనవైపు తిరిగి గీతకంటె సన్నబడ్డది. ఆ తరువాతి ఏండ్లలో మెల్లగా విచ్చుకుంటుంది. గురుగ్రహం నాలుగు చంద్రులకైతే 35 రెట్లు చాలు.

కోనసీమలో వుండేవాళ్ళకు, అందులోనూ వైనతేయ సముద్రంలో కలిసే మాలాంటి ఊళ్ళ వాళ్ళకు, కటకం కొనడం కంటె దాచుకోవడం కష్టం. గాలిలో ఉప్పు, ఏడాదిలో సగం రోజులు చెమ్మ. అటకమీద, బీరువాలో బట్టల మధ్య పెట్టిన కటకానికి బూజు పడుతుంది. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడులాగ సన్నని పోగులు కనబడతాయి. అది అద్దం మీది పూతను తింటుంది. ముదిరితే తుడిచినా మచ్చ పోదు. గట్టి మూత వున్న డబ్బా తీసుకుని, అడుగున సిలికా జెల్ సంచులు వేసి, దానిపైన కటకాలు పెట్టండి. రంగు మారే గుళికలైతే రంగు మారినప్పుడు అమ్మను అడిగి పాత పెనం మీద సన్నని సెగన వేడిచేయిస్తే మళ్ళీ పనికి వస్తాయి. వంటకు వాడే పెనం మీద వద్దు. బియ్యంలో దాచమని కొందరు చెబుతారు. బియ్యంలో వుండే తవుడు దుమ్ము అద్దానికి పడుతుంది, నేను ఒప్పుకోను.

ధనుర్మాసం మంచులో కటకం చెమర్చితే లాల్చీ కొంగుతో తుడవకండి. జేబులో అయిదు నిముషాలు పెట్టుకోండి, ఆరిపోతుంది. దుమ్ము పడితే రబ్బరు బుర్రతో గాలి వదలండి, పోకపోతే మెత్తని కుంచెతో తీయండి. ఉప్పురేణువు మీద గుడ్డ రుద్దితే అద్దం గీసుకుపోతుంది. అద్దాలు విప్పి లోపల చూడాలని వుంటుంది మీలో కొందరికి. ఆ వేళ్ళను వెనక్కి తీసుకోండి.

ఇక ఈ నెల లెక్క. కొత్త కటకం కొన్నవాళ్ళూ, పాతదే వున్నవాళ్ళూ చేయవచ్చును. ఓరియన్ నడికట్టులో వరుసగా మూడు నక్షత్రాలుంటాయి. వాటిలో పడమటి కొసన వున్నదానిని దుర్భిణిలో పట్టి, కనబడే వలయం అంచున నిలపండి. దుర్భిణిని ముట్టుకోకండి. భూమి తిరుగుతుంది గనుక నక్షత్రం నెమ్మదిగా నడిచి, వలయం మధ్యగుండా పోయి రెండవ అంచున మాయమవుతుంది. ఎన్ని సెకండ్లు పట్టిందో గడియారంతో చూడండి. ఆ సెకండ్లను 240తో భాగిస్తే, కటకం ఆకాశంలో ఎన్ని డిగ్రీల మేర చూపుతున్నదో తెలుస్తుంది. దానిని రెట్లతో హెచ్చిస్తే కటకం సొంత వెడల్పు. 70 రెట్ల దగ్గర 168 సెకండ్లు వచ్చిందనుకోండి. 168ని 240తో భాగిస్తే 0.7, దానిని 70తో హెచ్చిస్తే 49 డిగ్రీలు. 50 దరిదాపుల్లో వస్తే మీకు అమ్మినది నిజంగా ప్లోజల్ కొలతే. 30 వస్తే దుకాణదారుని అడగవలసిన ప్రశ్న ఒకటి మీ చేతిలో వున్నట్లే. మూడుసార్లు చూచి, మూడు అంకెలూ వ్రాసి పంపండి. సరాసరి నేను కడతాను.